అటక మీద పెట్టె ఎందుకు పాడైంది? మళ్ళీ ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం. నేను, నా భార్య, ఇన్సులిన్ వాడుతున్న మా అమ్మ, పది నెలల పాప. ఏదైనా విపత్తు వస్తే పనికొస్తుందని రెండేళ్ళ కిందట ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె సర్ది అటక మీద పెట్టాం. మొన్న దించి చూస్తే టార్చిలో బ్యాటరీలు కారి తెల్లగా పొడి కట్టాయి. బిస్కెట్లు ముక్కిపోయాయి. ఖాళీ పాల క్యాన్లలో పట్టి ఉంచిన నీళ్ళు పులిసిన వాసన వేస్తున్నాయి. పెట్టె దించడానికే ఇద్దరం పట్టాల్సి వచ్చింది. మొదటి నుంచి మళ్ళీ సర్దుకుందామనుకుంటున్నాం. ఏమేం పెట్టాలి, ఎంతెంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

జవాబు: మీ పెట్టెలో బ్యాటరీలు, బిస్కెట్లు, నీళ్ళు దేనికది వేరే కారణంతో పాడయ్యాయి. ఆ కారణాలు తెలిస్తే ఈసారి సర్దుడు సగం తేలికవుతుంది. ముందు పెట్టె సంగతి చూద్దాం.

అటక ఇంటి కప్పుకు దగ్గరగా ఉంటుంది. ఎండాకాలంలో ఇంట్లో మిగతా గదుల కంటే అక్కడే వేడి ఎక్కువ. నూనె ఉన్న తిండి, మందులు, బ్యాటరీలు, షుగర్ చూసుకునే స్ట్రిప్పులు అన్నిటికీ వేడే పెద్ద శత్రువు. పైగా నేల కంపిస్తున్నప్పుడో ఇల్లు పొగతో నిండినప్పుడో నిచ్చెన వేసుకుని అటక ఎక్కడం కుదరని పని. వరద భయం ఉన్న ఇంట్లో పెట్టె పై అంతస్తులో, లేదా నీరందని ఎత్తులో ఉండాలి. భూకంపాలు వచ్చే చోట బయటి తలుపుకు దగ్గరగా, బీరువాలూ అలమరాలూ మీద పడని మూలలో ఉండాలి. రెండు భయాలూ ఉంటే సామానంతా ఒకేచోట పెట్టకుండా రెండు చోట్లకు పంచండి. ఒకచోటికి దారి మూసుకుపోయినా రెండోది చేతికందుతుంది.

ఇక బరువు. తాగడానికి, వంటకు, చేతులూ ముఖం కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్క వేసుకోవాలి. నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు, అంటే నీళ్ళ బరువే 48 కిలోలు. దాన్ని ఎవరూ మోసుకుపోలేరు. అందుకే అన్నీ ఒకే పెట్టెలో పెట్టే ఆలోచన మానుకుని రెండుగా విడగొట్టండి. ఇంట్లోనే ఉండిపోవాల్సి వస్తే వాడుకునే నిల్వ ఒకటి, ఉన్నపళంగా బయల్దేరాల్సి వస్తే భుజాన వేసుకునే సంచులు ఒకటి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురే అయినా ఒకరు పాపను ఎత్తుకోవాలి, అమ్మగారు బరువు మోయలేరు. అంటే బరువు మోసేది మీ ఇద్దరిలో ఒకరే. ఆ ఒక్క పెద్ద సంచీ మోసేవారి బరువులో అయిదో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు. సర్దాక దాన్ని తగిలించుకుని మీ ఇంటి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి చూడండి. కాగితం మీద లెక్క సరిపోయినా భుజం ఒప్పుకోకపోవచ్చు.

నీళ్ళ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. పాల క్యాన్లను ఎంత తోమినా పాలలోని కొవ్వు, మాంసకృత్తులు ప్లాస్టిక్ గీతల్లో, మూత అంచుల్లో ఉండిపోతాయి. వాటిని తిని సూక్ష్మజీవులు పెరిగాయి కాబట్టే మీ నీళ్ళు పులిశాయి. పళ్ళరసం సీసాలతోనూ ఇదే ఇబ్బంది. ఆహారానికి పనికొస్తాయని గుర్తు ఉన్న గట్టి క్యాన్లు, అయిదు లేదా పది లీటర్లవి తీసుకోండి. ఇరవై లీటర్ల క్యాను నిండితే ఇరవై కిలోలు, ఒక్కరు వంచి గ్లాసులో పోసుకోలేరు. క్యానును సబ్బునీళ్ళతో కడిగి బాగా తొలవండి. లీటరు నీళ్ళలో ఒక టీస్పూను పరిమళం లేని మామూలు బ్లీచ్ కలిపి క్యానులో పోసి, మూత లోపలి వైపుకూ తగిలేలా ఊపి, అర నిమిషం ఆగి పారబోయండి. మళ్ళీ మంచినీళ్ళతో తొలిచి నింపండి. శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ళయితే ఇంకేమీ కలపనక్కర్లేదు. మెడదాకా నింపి, బిగించి, నింపిన తేదీ రాసి, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి. పెట్రోలు, కిరోసిన్, పురుగుమందులు ఉన్న గదిలో మాత్రం పెట్టకండి. వాటి ఆవిరి ప్లాస్టిక్ గుండా నీళ్ళలోకి దిగుతుంది. ఆరు నెలలకోసారి ఆ నీళ్ళు మొక్కలకు పోసి కొత్తవి పట్టండి.

నిల్వ అయిపోయాక దొరికిన నీళ్ళు శుద్ధి చేసుకోవడానికి మరిగించడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. నీళ్ళు తెర్లుతూ ఉండగా ఒక నిమిషం పూర్తిగా మరగనివ్వాలి. సముద్రమట్టానికి 2,000 మీటర్ల కంటే ఎత్తున ఉంటే మూడు నిమిషాలు. పొయ్యి లేకపోతే బ్లీచ్ వాడొచ్చు. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 నుంచి 6 శాతం అని ఉంటే లీటరుకు 2 చుక్కలు. నీళ్ళు మసకగా ఉంటే ముందు తేరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో వడకట్టి, 4 చుక్కలు వేయండి. కలిపి అరగంట ఆగాక ముక్కు దగ్గర పెట్టుకుంటే లీలగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే అంతే మోతాదు మళ్ళీ వేసి ఇంకో పావుగంట ఆగండి. అప్పటికీ రాకపోతే ఆ నీళ్ళు వదిలేయండి. సువాసన కలిపిన బ్లీచ్, చిక్కటి జెల్ బ్లీచ్, రంగు బట్టల బ్లీచ్ ఇందుకు పనికిరావు. మంచి బ్లీచ్ అయినా సీసాలో ఉండి ఉండి బలం తగ్గిపోతుంది, కాబట్టి ఏడాదికోసారి మార్చండి. పక్కన ఒక డ్రాపర్ కట్టి ఉంచండి. చీకట్లో సీసా వంచి రెండు చుక్కలు పోయడం ఎవరివల్లా కాదు. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న ద్రావకాలతో గానీ బ్లీచ్ ఎప్పుడూ కలవకూడదు, విషవాయువు పుడుతుంది.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. మరిగించినా, బ్లీచ్ వేసినా చచ్చేది సూక్ష్మజీవులే. వరదనీటిలో కలిసిన డీజిలు, పురుగుమందు, ఫ్యాక్టరీ రసాయనాలు అలాగే ఉంటాయి. మరిగిస్తే నీళ్ళు తగ్గి అవి ఇంకా చిక్కనవుతాయి కూడా. నూనె తెట్టు కట్టిన నీళ్ళను, మందువాసన వేసే నీళ్ళను తాగడానికి శుద్ధి చేసే ప్రయత్నమే వద్దు. దానికంటే ఇంట్లోనే ఉన్న నీళ్ళు వెతకండి. గీజరు ట్యాంకులో ఉన్నవి (ముందు దాని కరెంటు లేదా గ్యాసు ఆపి, చల్లారనిచ్చి), ఫ్రీజరులో ఐసు కరిగినవి పనికొస్తాయి.

బిస్కెట్లు ముక్కిపోవడానికి కారణం వాటిలోని నూనె. వేడీ గాలీ తగిలి నూనె చెడుతుంది, ప్యాకెట్టు మీద తేదీ దాటకపోయినా సరే. వేయించిన గింజలు, పల్లీ వెన్న కూడా అంతే. వీటిని పెట్టెలో పెట్టి మరిచిపోకూడదు. మూడు నాలుగు నెలలకోసారి తీసి తినేసి కొత్తవి పెట్టండి. కొత్త ప్యాకెట్టు ఎప్పుడూ వెనక్కి, పాతది ముందుకు. మనిషికి రోజుకు సుమారు 2,000 కిలోకేలరీలు వచ్చేలా, వండకుండా, నీళ్ళు పోయకుండా తినగలిగినవి చూసుకోండి. డబ్బాల్లో సీలు చేసిన పప్పులు, కూరలు, చేపలు, ఎండు పళ్ళు లాంటివి. మామూలు రోజుల్లో మీ ఇంట్లో తినని పదార్థాన్ని కేవలం ఎక్కువ కాలం నిలుస్తుందని కొనకండి. భయంతో ఉన్న మనిషికి అలవాటు లేని తిండి అసలే దిగదు. ఉప్పు ఎక్కువున్నవి తింటే దాహం పెరిగి నీళ్ళ లెక్క తప్పుతుంది. రింగు లాగితే తెరుచుకునే డబ్బాలు కాకపోతే చేత్తో తిప్పే ఓపెనర్ తప్పనిసరి. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, అతుకు మీద లోతుగా సొట్టపడిన డబ్బా రుచి కూడా చూడకుండా పారేయండి.

కరెంటు పోయాక తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం 4 గంటల దాకా, నిండుగా ఉన్న ఫ్రీజరులో 48 గంటల దాకా, సగమే నిండినదైతే 24 గంటల దాకా నిలుస్తుంది. అందుకే ముందు ఫ్రిజ్‌లోవి, తర్వాత ఫ్రీజరువి తిని, డబ్బాలు చివరికి ఉంచుకోండి.

అమ్మగారి ఇన్సులిన్ దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు: ఒక సీసా తీసి పెట్టెలో పడేస్తారు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, అంటే దాని చోటు ఫ్రిజ్. పెట్టెలో ఉండాల్సింది ఖాళీ చల్లసంచీ (లోపలి చల్లదనం నిలిపే కూలర్ బ్యాగు) ఒకటి. ఆ సంచీకి, బయటి తలుపు లోపలి వైపుకు "ఫ్రిజ్ నుంచి ఇన్సులిన్ తీయాలి" అని పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి. తొందరలో గుర్తుంటుందనుకోవద్దు. బయటికి తీశాక చాలా రకాల ఇన్సులిన్‌లు 30 డిగ్రీల లోపు సుమారు 28 రోజులు పనిచేస్తాయి. మీవి ఎన్నాళ్ళో లోపలి కాగితంలో చూసి పెట్టె మూత మీద రాసుకోండి. ఐసు ముక్కలకు నేరుగా ఆనించకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పనికిరాదు.

కరెంటు రోజుల తరబడి లేకపోతే మట్టి కుండల ఉపాయం ఉంది. పెద్ద కుండలో చిన్న కుండ దించి, మధ్య సందులో ఇసుక పోసి తడపండి. ఇన్సులిన్‌ను నీరు చొరని కవరులో చుట్టి లోపలి కుండలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, నీడలో గాలి ఆడే చోట ఉంచండి. తడి ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ఇసుక ఆరకుండా రోజుకు రెండు మూడుసార్లు తడపాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇది అంతగా చల్లబడదని తెలిసి ఉండండి. వేడికి గురైన ఇన్సులిన్ తప్ప వేరేది లేకపోతే మానేయడం మరింత ప్రమాదం. అదే వాడుతూ షుగరు మామూలు కంటే తరచుగా చూసుకుని, మంచిది దొరకగానే మార్చాలి. వేళకు తిండి దొరకని రోజు మోతాదు ఎలా మార్చాలో డాక్టరు గారిని ఇప్పుడే అడిగి రాయించుకోండి. మీటరు, దానికి సరిపడే బ్యాటరీ, మూత బిగుతుగా ఉన్న స్ట్రిప్పుల డబ్బా, సూదులు, వాడిన సూదులు వేసేందుకు మందపాటి ప్లాస్టిక్ సీసా కలిపి ఒకే కవరులో ఉంచండి. షుగరు పడిపోతే వెంటనే ఇవ్వడానికి చక్కెర లేదా గ్లూకోజు పొడి కూడా అందులోనే. 15 గ్రాములు, అంటే సుమారు మూడు నాలుగు టీస్పూన్లు నీళ్ళలో కలిపి ఇచ్చి పావుగంటకు మళ్ళీ చూడాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకండి. మిగతా రోజువారీ మందులు కనీసం వారానికి, కుదిరితే రెండు వారాలకు ఎక్కువ ఉంచుకుని, కొత్తవి రాగానే పాతవి వాడేయండి.

పాపకు తల్లిపాలే ఇస్తుంటే ఆపకండి, అంతకంటే శుభ్రమైన ఆహారం ఆ రోజుల్లో ఇంకొకటి దొరకదు. తల్లికి మాత్రం నీళ్ళు, తిండి లెక్కకు మించి ఉంచండి. డబ్బా పాలయితే కలిపే పని లేకుండా నేరుగా తాగించే ద్రవరూపంలోవి మేలు. పొడి అయితే మరిగించిన నీళ్ళు 70 డిగ్రీల కంటే చల్లారకముందే కలిపి, తర్వాత గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి పట్టాలి. ఆ పొడిలోనే సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది కాబట్టి ఈ వేడి కావాలి. తాగి మిగిల్చినవి పారబోయాలి. సీసా, పీక శుభ్రం చేయడానికి నీళ్ళు చాలనప్పుడు చిన్న గిన్నెతో పట్టడం మంచిది. పది నెలల పిల్లకు మూడు రోజులకు పాతిక డైపర్లు, మెత్తగా తినిపించే ఆహారం ఉంచండి. ఈ వయసులో డైపరు సైజు, బట్టల కొలత, జ్వరం మందు మోతాదు అన్నీ నెలల్లోనే మారిపోతాయి. పెట్టెలో అందరికంటే ముందు పాతబడేవి పాప సామాన్లే.

ఇప్పుడు టార్చి. ఆల్కలైన్ బ్యాటరీ క్షీణించే కొద్దీ లోపల హైడ్రోజన్ వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది. సీలు తెగి పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం బయటికొస్తుంది. గాలి తగిలి అదే మీరు చూసిన తెల్లటి పొడి అవుతుంది. కొన్ని టార్చిల్లో స్విచ్చి ఆపి ఉన్నా కొద్దిపాటి కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. కొత్త బ్యాటరీ పక్కన పాతది వేస్తే పాతది మరింత లాగబడి ముందుగా కారుతుంది. అందుకే బ్యాటరీలు టార్చిలో వేసి ఉంచకుండా, కొన్న ప్యాకెట్టులోనే ఉంచి టార్చికి రబ్బరుబ్యాండుతో కట్టండి. పాడైన టార్చిని వెంటనే పారేయనక్కర్లేదు. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు పెట్టుకుని, దూదిపుల్లను వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచి తెల్లటి చోట అద్దండి. బుసబుస పొంగి ఆగుతుంది. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. స్ప్రింగు తుప్పు తిని విరగకపోతే మళ్ళీ వెలుగుతుంది.

టార్చి, రేడియో రెండూ ఒకే సైజు బ్యాటరీతో నడిచేలా చూసుకుంటే రెండు రకాలు నిల్వ ఉంచనక్కర్లేదు. తలకు తగిలించుకునే లైటు ఒకటైనా కొనండి. చీకట్లో పాపకు డైపరు మార్చేటప్పుడు, అమ్మకు సూది వేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కొవ్వొత్తులు వద్దు, గ్యాసు లీకయిన ఇంట్లో, కంపిస్తున్న ఇంట్లో అవే రెండో ప్రమాదం తెస్తాయి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న పవర్ బ్యాంకు నుంచి ఫోనుకు అందేది సుమారు 6,000 మాత్రమే, మిగతాది మార్పిడిలో పోతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోనుకు ఒక్కసారికి పైన కాస్త వస్తుందంతే. మూడు నెలలకోసారి చార్జి పెట్టండి, ఉబ్బితే వాడకండి. ఫోన్ టవర్ల బ్యాటరీలూ ఒకనాటికి అయిపోతాయి కాబట్టి బ్యాటరీతో లేదా చేత్తో తిప్పితే నడిచే రేడియో ఉండాల్సిందే. కాల్ కలవనప్పుడు చిన్న మెసేజ్ వెళ్ళే అవకాశం ఎక్కువ.

జనరేటరు గానీ బొగ్గుల పొయ్యి గానీ ఇంట్లో, వరండాలో, కారు షెడ్డులో వాడొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటరు ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, దాని పొగ కిటికీల వైపు రాకుండా ఉండాలి. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేయాలి.

మరుగుదొడ్డి పనిచేయకపోతే గట్టి మూత ఉన్న 20 లీటర్ల బకెట్టులో రెండు మందపాటి సంచులు ఒకదానిలో ఒకటి వేసి, వాడిన ప్రతిసారీ పైన రంపపు పొట్టు గానీ బూడిద గానీ చల్లండి. మూత్రానికి వేరే పాత్ర పెడితే వాసన చాలావరకు తగ్గుతుంది. సబ్బు, శానిటరీ ప్యాడ్లు, చెత్తసంచులు లెక్కకంటే ఎక్కువే ఉంచండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పదైనా ఉండాలి. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి ఇవ్వొచ్చు. ఉప్పు ఎక్కువైతే హాని, కాబట్టి చెంచా కొలతతోనే వేయాలి, ఉరామరిగా వేయకూడదు.

మోసుకుపోయే సంచీలో మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక రోజు తిండి, మందుల కవరు, పాప సామాను, లైటు, రేడియో, విజిల్, ఎన్-95 మాస్కులు, కట్టు సామాను, ఒక జత బట్టలు, పలచటి దుప్పటి చాలు. గుర్తింపు పత్రాలు, ఇంటి కాగితాల నకళ్ళు, మందుల చీటీ నీరు చొరని కవరులో పెట్టి, వాటి ఫోటోలు ఫోనులోనూ ఉంచండి. కార్డులు పనిచేయవు కాబట్టి చిన్న నోట్లు కొంత, ఫోను చచ్చిపోయినా చూసుకునేలా కాగితం మీద నంబర్లు. ఆ నంబర్లలో వేరే ఊరి బంధువుది ఒకటి ఉండాలి. మీరు విడిపోతే అందరూ వారికే కబురు చెప్పుకుంటారు. భూకంప భయం ఉంటే ప్రతి మంచం కింద గట్టి చెప్పులో బూట్లో ఒక జత సంచీలో కట్టి పెట్టండి. పగిలిన గాజు మీద ఉత్త కాళ్ళతో నడిచి గాయపడేవాళ్ళు చాలామంది.

అన్నీ సర్దాక ఏ వస్తువు గడువు అన్నిటికంటే ముందు తీరుతుందో ఆ తేదీ ఒక్కటే పెట్టె బయట పెద్దగా రాయండి. తర్వాత ఒక సాయంత్రం మెయిన్ ఆపి, ఆ పెట్టెతోనే భోజనం, పాప పాలు, అమ్మగారి షుగరు పరీక్ష అన్నీ కానివ్వండి. ఏది దొరకలేదో, ఏది తెరుచుకోలేదో ఎవరో ఒకరు కాగితం మీద రాసుకుంటూ ఉండాలి. ఆ పూట ఫ్రిజ్ తలుపు తీయకండి, లోపల ఇన్సులిన్ ఉంది. నాలుగు గంటలు నిండకముందే మెయిన్ మళ్ళీ వేసేయండి.